పేడతో అలికిన తారురోడ్డు

ఆ ఉదయం పోయినవాటిని ముందు రాస్తాను. పదమూడు మోపుల ఉలవకట్టె, కాయలతో సహా. ఒక టార్పాలిన్ పట్ట. రెండు బస్తాల రాతిపొడి. ఒక బాయిలరు నిండా కాచిన రబ్బరు తారు, చూసే మనిషి లేక లోపలే చల్లారి గట్టిపడింది. మా గొట్టం మనిషి కుడి కనుబొమ్మ. అది తర్వాత తిరిగి మొలిచింది కాబట్టి సగం నష్టమే అనాలి. తొమ్మిది పగుళ్ళు మూయకుండా ఉండిపోయాయి. మనిషి ప్రాణం పోలేదు. పోనిదాన్ని ఈ లెక్కలో రాయకూడదు గానీ రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను ఇంజనీరును కాను. ఏడో తరగతితో బడి మాని, రోడ్డు పనుల్లో టేపు కొన పట్టుకునే పనిలో చేరినవాణ్ణి. టేపు అవతలి కొన పట్టుకున్నవాళ్ళు ఏం రాసుకుంటున్నారో చూసి చూసి లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు అనంతపురంలో ఒక చిన్న కంట్రాక్టరు దగ్గర, తారురోడ్ల పగుళ్ళు మూసే ముఠాకు మేస్త్రీని.

కుందుర్పి వైపు ఒక రోడ్డు మా పాలబడింది. దాని అడుగున సిమెంటు కలిపిన కంకర పొర, పైన తారు. వేసిన రెండేళ్ళకే అడ్డంగా పగుళ్ళు వచ్చాయి. చెల్లాచెదురుగా కాదు, ఎవరో కొలిచి గీసినట్టు దాదాపు పదేసి మీటర్లకు ఒకటి. మా పని పడిన ముక్కలో అవి అరవై ఒకటి. మొదట చూసినప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ రోడ్డు చూసుకునే ఇంజనీరమ్మ చిన్న వయసు మనిషి, అడిగితే విసుక్కోకుండా చెబుతుంది.

"మంచు పడే దేశాల్లో చలికి తారే ముడుచుకొని ఇట్లా పగులుతుంది మేస్త్రీ గారూ," అంది. "మనకు మంచు లేదు. కానీ ఈ గట్టు మీద చలికాలం తెల్లవారుజామున రోడ్డు ఎంత చల్లగా ఉంటుందో, మధ్యాహ్నం ఎంత కాలుతుందో చూడండి. కిందున్న సిమెంటు పొర రోజూ ముడుచుకుంటుంది, సాగుతుంది. పైన తారు ఎండలకు పెళుసుబారిపోయింది. అది ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?"

నాకు మాట చాలదు, కొలత కావాలి. ఒక పగులుకు అటొకటి ఇటొకటి మేకులు కొట్టి, తెల్లవారగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వాటి మధ్య దూరం స్కేలుతో కొలిచాను. మూడు మిల్లీమీటర్ల తేడా. పొద్దున వేలు పట్టేంత ఉన్న పగులు మధ్యాహ్నానికి బిగుసుకుంటోంది. అంటే ఎండలో మూస్తే ఇరుకు సందులో మూసినట్టు. రాత్రి చలికి అది విచ్చుకున్నప్పుడు మనం పోసింది తెగిపోతుంది. మరీ చలిలో, పగులు పూర్తిగా తెరుచుకున్నప్పుడు అంచు దాకా నింపితే, వేసవిలో అది పైకి ఉబికి లారీ టైర్లకు అంటుకుపోతుంది. రాత్రి తేమ ఆరాక, ఎండ ముదరక ముందు, ఆ రెండు మూడు గంటలే మాకు పని. కంట్రాక్టరుకు ఇది చెబితే, "మిగతా పొద్దంతా మీకు కూచోబెట్టి కూలియ్యాల్నా?" అన్నాడు. ఇయ్యాల్సిందే అన్నాను.

పని మొదలుపెట్టడానికి వెళ్ళిన పొద్దున, ఊరి పక్కన కొంత దూరం పొడవునా పగుళ్ళు మాకు కనబడలేదు. ఉండవలసిన చోట రోడ్డు నున్నగా, పచ్చగా ఉంది. వంగి చూస్తే పేడ. ఎర్రమట్టి, పేడ కలిపి, ప్రతి పగుల్లోనూ కూరి, పైన చేత్తో అలికారు. వేళ్ళ గీతలు కూడా కనబడుతున్నాయి. మా గొట్టం మనిషి, అంటే పగుళ్ళలోకి వేడిగాలి కొట్టి దుమ్మూ తేమా పోగొట్టే గొట్టం పట్టుకునేవాడు, పామిడి మనిషి, నవ్వాపుకోలేక కూచున్నాడు. "ముగ్గొక్కటే తక్కువ అన్నా!"

మేం కొంకితో ఒకదాన్ని గీకడం మొదలుపెట్టామో లేదో, చేనుగట్టు మీంచి ఒకామె పరుగున వచ్చింది. నా వయసే ఉంటుంది. చేతిలో పంగలకర్ర.

"ఏమప్పా, ఎవురు మీరు? ఈడ ఏం తవ్వుతాండారు?"

"రోడ్డు బాగు చేస్తాండామక్కా. ఈ నెర్రెలు మూయల్ల."

"మూసినా కదా! కండ్లు కనపడవా? నిన్న మాపటికే అలికినా."

"అలకడానికి ఇది కల్లమా అక్కా?"

"మరేమనుకున్యావు? మా కల్లం జాగాలో ట్యాంకు కట్టినారు. ట్యాంకుండాది, నీళ్ళు లేవు. ఇంగ యాడ నూర్చుకోవల్ల, నీ నెత్తి మీదనా?"

మా ప్రాంతంలో ఇది తెలియని విషయం కాదు. కోసిన పైరు తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కి గింజ రాలుస్తాయి. ఆ ఏడు వేరుశనగ ఎండిపోయింది. చివర్లో పడిన ఒక్క వానకు ఆమె మూడెకరాల్లో నల్ల ఉలవ విత్తింది. అదే ఆమెకు పండింది. ఇంట్లో తిండి, ఎద్దులకు దాణా, మళ్ళీ ఏటికి విత్తనం, మూడూ ఆ కుప్పలోనే ఉన్నాయి. ఉలవగింజ చిన్నది, చదునుగా ఉంటుంది. పగుల్లోకి జారితే మళ్ళీ చేతికి రాదు. అందుకే కల్లం అలికినట్టు రోడ్డును అలికింది.

"పోయినేడు నాలుగు శేర్లు మింగింది మీ రోడ్డు," అంది. "యాడ కక్కింది, చెప్పు."

"కక్కుతాదక్కా," అన్నాడు గొట్టం మనిషి. "పోయిన ఎండాకాలం ఆ మలుపులో రోడ్డు గూనిలేసె కదా, మోటారుసైకిలాయన మూతిపండ్లు రాలగొట్టుకోలా? నువ్వు కూరిన మట్టే అది."

వాడు వెటకారంగా అన్నా, మాట నిజమే. వేసవిలో సిమెంటు పొర సాగి పగులు మూసుకోవాలి. అందులో మట్టీ ఇసుకా బిగిసి ఉంటే మూసుకోలేదు. రెండు అంచులూ ఒకదాన్నొకటి నెట్టుకొని పైకి లేస్తాయి. ఇదంతా ఆమెకు చెప్పాను. విన్నది. విని, "మీరు తారుతో మూస్తారు, మేం పేడతో మూస్తాము. తేడా ఏముండాది?" అంది.

"రబ్బరు తారు సాగుతాది, మళ్ళా ముడుచుకుంటాది. పేడ సాగదు."

"మా ఇంట్లో గోడకు సాగుతాది," అంది ఆమె. కానీ గొంతు కొంచెం తగ్గింది.

అంతలో ఇంజనీరమ్మ ఫోను చేసింది. ఎల్లుండి సాయంత్రానికి ఆకాశం మోడం పట్టి వాన పడుతుందట. పగుళ్ళు తెరిచి ఉండగా వాన పడితే నీళ్ళు సిమెంటు పొర కిందికి దిగి మట్టిని మెత్తబరుస్తాయి. ఆ పైన మేం ఏం పోసినా రోడ్డు నిలవదు. మాకు రెండు పొద్దులే ఉన్నాయి. ఫోను పెట్టేసి చూస్తే, చేను ఆమె నా ముఖమే చూస్తోంది.

"వానంటనా?" అంది.

"అవునక్కా. ఎల్లుండి."

ఆమె చేనువైపు తిరిగి, కోసి మోపులు కట్టి ఉన్న ఉలవకట్టెను చూసింది. వాన తగిలితే కాయ మగ్గి, గింజ బూజు పడుతుంది, విత్తనానికి పనికిరాదు. ఆ రెండు రోజులే ఆమెవి కూడా. రోడ్డు ఒకటే.

ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి రోడ్డును నిలువునా పంచుకున్నాం. మొదటి పొద్దున మేం పడమటి సగంలో పగుళ్ళు మూస్తాం, ఆమె తూర్పు సగంలో పరుచుకొని బండ్లతో తొక్కిస్తుంది. రెండో పొద్దున మారతాం. ఆమెకు ఇంకా మనసొప్పలేదు.

"మీ మంటలు, మీ తారు, నా గింజల పక్కన పెట్టుకోమంటావా?"

"నీ గింజ ఒక్కటి పోయినా నేనిస్తానక్కా."

"ఏమిస్తావు? దుడ్లా?"

"గింజలే ఇస్తా."

"నల్ల ఉలవ. ఎర్రవి కాదు."

"నల్లవే."

"మా మేస్త్రీ మాటిస్తే స్కేలు పెట్టి గీసినట్లే అక్కా," అన్నాడు గొట్టం మనిషి.

మొదటి పొద్దున అనుకున్నట్టే జరిగింది. పడమటి సగంలో పేడ రెండు రోజుల కిందటిదే, లోపల ఇంకా పచ్చిగా ఉంది. కొంకి పెడితే బద్దలుగా ఊడివచ్చింది. వేడిగాలి కొట్టి ఆరబెట్టి, రబ్బరు తారు పోసి, పైన రాతిపొడి చల్లుతూ పోయాం. అవతల సగంలో బస్సులు ఆమె ఉలవకట్టె మీద మెల్లగా పోతుంటే కాయలు పటపటమనేవి. ఎండ ముదిరే వేళకు మేం ఆపేశాం. ఆమె ఆపలేదు, పొద్దు వాలేదాకా కట్టె తిరగేస్తూనే ఉంది. అయినా ఆ రోజు నూర్చినదాన్ని పక్కకు తీసి చూస్తే, ఇంకా నలభై మోపులు మిగిలి ఉన్నాయి.

రెండో రోజు తెల్లవారేసరికి గాలి లేచింది. తూర్పు గాలి, తడి వాసనతో. ఆకాశం అంచున బూడిదరంగు గీత. ఆమె అప్పటికే నలభై మోపులూ పడమటి సగంలో, మేం ముందురోజు మూసిన పగుళ్ళ మీదనే, బారుగా పరిచేసింది. మేం తూర్పు సగంలోకి దిగాం.

ఇక్కడ పేడ వేరు. ఈ సగాన్ని ఆమె గట్టున పండిన కాసిని కొర్రలు నూర్చుకోవడానికి ముందెప్పుడో అలికింది. ఎండలకు అది అడుగుదాకా ఎండి పిడకలా బిగిసింది. కొంకికి పైపెచ్చు వచ్చింది గానీ, లోతున ఉన్నది కదల్లేదు. గీకుతూ కూచుంటే పొద్దెక్కిపోతుంది. గాలి కొడితే వచ్చేస్తుందిలే అనుకున్నాం. మా గొట్టంలోంచి వచ్చేది మామూలు గాలి కాదు, గ్యాసు మంట మీదుగా కాగి వచ్చే గాలి. గొట్టం మనిషి దాన్ని పగుల్లో పెట్టాడు. లోపలి పేడ పొడిపొడిగా ఎగిరి వచ్చింది. పని చకచకా సాగింది. రెండు, మూడు, నాలుగు పగుళ్ళు శుభ్రమయ్యాయి. నేను వెనకాల నిలబడి వెడల్పు కొలుస్తూ వచ్చాను.

పిడక ఎలా రగులుతుందో మా ఇళ్ళలో పుట్టిన ఎవరికీ చెప్పనక్కరలేదు. మంట రాదు, కనబడదు. లోపల్లోపల ఎర్రబడి, గాలి తగిలితే రాజుకుంటుంది. మాలో ప్రతివాడూ చిన్నప్పుడు పొయ్యి కింద పిడక ఊదినవాడే. ఆ పగుల్లో ఉన్నది పిడకేనని మాలో ఒక్కడికీ తోచలేదు. ఎగిరిన పొడిలో రగిలిన తునకలు ఉన్నాయి, కానీ పగటి వెలుగులో నిప్పురవ్వ కంటికి ఆనదు. వాసన మాత్రం వచ్చింది. పొద్దున పూట ఏ ఊరి పక్కన నిలబడినా వచ్చే వాసనే అది. ఎవరం తల తిప్పలేదు.

"ఎవురింట్లోనప్పా పొయ్యి రాజేసినారు?" అంది ఆమె, బారు అవతలి కొసన కట్టె తిరగేస్తూ.

"నీ ఇంట్లోనే అక్కా, మాకు ఉలవకట్టు కాస్తాండారు," అన్నాడు గొట్టం మనిషి.

ఆమె నవ్వింది. అదే ఆ పొద్దున నేను విన్న ఆఖరి నవ్వు. మరుక్షణం కట్టె మధ్యలోంచి పొగ సన్నగా లేచింది, గాలి దాన్ని పడుకోబెట్టింది, అది పడుకున్న చోటల్లా మంటయింది. ఎండిన ఉలవకట్టె కాలే చప్పుడు నూనెలో ఆవాలు వేసినట్టుంటుంది. కాయలు చిట్లి గింజలు ఎగిరి మా కాళ్ళకు తగిలాయి. గొట్టం మనిషి ఒక్క గెంతులో దగ్గరికి పోయి కాలితో తొక్కబోయాడు. మంట ముఖానికి కొట్టింది. వాడు వెనక్కి పడ్డాడు.

నేను చూసింది సిలిండరును. గొట్టానికి గ్యాసు ఇచ్చే సిలిండరు, రోడ్డు మధ్యగీత మీద, కట్టెకు మూరెడు దూరంలో ఉంది. దాని రబ్బరు పైపు కట్టె అంచును తాకుతోంది. అవతల కాగుతున్న బాయిలరు, దాని కింద ఇంకో సిలిండరు.

"ఇట్లా రాప్పా! ఇది లాగు, ఇది!" అని ఆమె అరుస్తోంది. పంగలకర్రతో కాలని కట్టెను కాలేదాని నుంచి విడదీస్తోంది. ఒక్కతే. నేను ఆమెవైపు పోలేదు. ముందు సిలిండరు మరను తిప్పి కట్టాను. మర చెయ్యి కాల్చింది. పైపు పీకి, సిలిండరును పడేసి, దొర్లించుకుంటూ తూర్పు గట్టు దిగిపోయాను. మిగతా ముగ్గురికీ బాయిలరు మంట ఆర్పి బండి తోయమని కేక వేశాను. ఆమె అరుపులు వెనకనుంచి వినబడుతూనే ఉన్నాయి. మొదట "అన్నా" అంది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తిరిగి పైకి వచ్చేసరికి ఆమె బారుకు అడ్డంగా మనిషి పడుకునేంత వెడల్పున సందు చేసింది. చీర కొంగు నడుముకు బిగించి, చేతులతోనే కట్టె ఈడుస్తోంది. నీళ్ళు లేవు. తాగడానికి తెచ్చుకున్న క్యాను ఒకటుంటే అది బాయిలరు మీద ఖాళీ అయింది. రాతిపొడి బస్తాలు కోసి సందులో, మంట మీద కుమ్మరించాం. ఆమె టార్పాలిన్ పట్టతో బాదాం. అది కరిగి ముద్దయింది. ఆగిన ఆటోలోంచి మనుషులు దిగి చెప్పుకాళ్ళతో తొక్కారు. గాలి ఒకసారి తగ్గి మళ్ళీ లేచింది. లేచినప్పుడు ఒక నిప్పుపోచ సందు మీదుగా ఎగిరి అవతల పడింది. ఆమె దాన్ని అరచేత్తో అణిచేసింది.

మంట ఆ సందు దగ్గర ఆగింది.

నల్లటి బూడిద కింద, ముందురోజు మేం పోసిన రబ్బరు తారు పగుళ్ళ వెంట బుడగలు కట్టి మెరుస్తోంది. గొట్టం మనిషి కనుబొమ్మ తడుముకుంటూ, "ఉందా అన్నా?" అని అడిగాడు. ఒకటుందని చెప్పాను. ఆమె కాలిపోయిన భాగం పక్కన కూచుని, వేడి బూడిదలోంచి గింజలు ఏరి అరచేతిలో పోసుకుంది. నోట్లో ఒకటి వేసుకొని కొరికింది. ఉమ్మేసింది.

వాన సాయంత్రం దాకా ఆగలేదు. మధ్యాహ్నానికే తుంపర మొదలైంది. ముఠా అంతా కలిసి మిగిలిన ఇరవై ఏడు మోపుల కట్టె ఆమె ఇంటి వసారాలో చేర్చాం. పగుళ్ళను వదిలేశాం. ఇంజనీరమ్మ వచ్చి, నానుతున్న రోడ్డునూ బూడిదనూ చూసి, "ముందు ఆ గింజలు లోపల పెట్టండి," అని తనూ ఒక మోపు ఎత్తుకుంది.

ఆ ఇరవై ఏడు మోపులూ తర్వాత కర్రలతో కొట్టి నూర్చి, తూర్పారబట్టి, ఆమె శేరుతోనే కొలిచారు. నేను పక్కనే కూచున్నాను. రెండు వందల పదహారు శేర్లు వచ్చాయి. మోపుకు ఎనిమిది. కాలినవి పదమూడు మోపులు కాబట్టి నూట నాలుగు శేర్లు.

"కాలిన మోపులే పెద్దవి," అంది ఆమె.

"అన్నీ నువ్వే కట్టినావు కదక్కా. నీ చేతికి చిన్నా పెద్దా ఉంటాదా?"

"సరే, నూట నాలుగు," అంది. బూడిదలోంచి ఏరిన గింజలను అందులోంచి తగ్గించమని నేను అడగలేదు. అవి మొలవవు. ఎద్దులే తిన్నాయి.

కంట్రాక్టరు ఆ వారంలో వచ్చి, ఎంతో కొంత ఇచ్చి వదిలించుకుందామని చూశాడు. ఆమె చెయ్యి చాపలేదు. "దుడ్లు విత్తితే మొలుస్తాయా? ఆయప్ప నల్ల ఉలవ ఇస్తానన్యాడు," అని నన్ను చూపించింది. కంట్రాక్టరు నన్ను చూసి నవ్వాడు. అంతటితో ఈ బాకీలో ఆయన పాత్ర అయిపోయింది.

మూయని తొమ్మిది పగుళ్ళలో నీళ్ళు దిగి రెండు చోట్ల రోడ్డు కుంగింది. తర్వాతి చలికాలం వాటిని కోసి, అతుకు వేసి, మిగతావి మూశాం. అప్పటినుంచి ఎండిన పేడ ఉన్న చోట గొట్టానికి మంట పెట్టనివ్వను. కొంకితో అడుగుదాకా గీకిస్తాను, ఉత్త గాలి కొట్టిస్తాను, పక్కన నీళ్ళ డ్రమ్ము లేనిదే బాయిలరు వెలిగించను. పొద్దుకు అయ్యే పగుళ్ళు సగానికి తగ్గాయి. కంట్రాక్టరు దానికీ సణుగుతాడు. ఆమె మాత్రం ఇప్పుడు రోడ్డు అలకదు. పగుళ్ళు మూసే ఉన్నాయి, గింజ లోపలికి పోదు.

ఇంక ఉలవలు. నల్లవి దొరకడం నేననుకున్నంత సులువు కాదు. అనంతపురం దుకాణాల్లో ఉన్నవన్నీ ఎర్రవే. మొదటి ఏడు, గొట్టం మనిషి వెతికిపెడితే, పామిడి దగ్గర పెన్న ఒడ్డున ఒక రైతు ఇంట్లో నలభై శేర్లు దొరికాయి. తీసుకుపోయి ఇచ్చాను. ఆమె తన శేరు తెచ్చి మళ్ళీ కొలిచింది. నేను అంచుకు సమంగా గీసి కొలిపించుకున్నాను. ఆమె పైన కుప్ప నిలిపి కొలుస్తుంది. నా నలభై ఆమె దగ్గర ముప్పై ఆరయ్యాయి. వాదించడానికి లేదు, నూట నాలుగు కూడా ఆ కుప్ప కొలతలోనే తేల్చింది. రెండో ఏడు, కుప్పగా కొలిపించుకొని, ముప్పై ఒక శేర్లు ఇచ్చాను. అందులో తొమ్మిది శేర్లు పుచ్చిపోయాయని విత్తే ముందు తిరిగి పంపింది. విప్పి చూశాను. నిజమే, ప్రతి గింజకూ సూదిమొన అంత కంత ఉంది.

ఈ ఏడు వాన మొహం చాటేసింది. ఉలవ కూడా విత్తలేదు ఎవరూ. పోయిన వారం ఆ రోడ్డు మీద పగుళ్ళు చూడటానికి పోయినప్పుడు, ఆమె చేనుగట్టు మీద నిలబడి ఉంది. రోడ్డు మీద పరచడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

"ఏమన్నా, లెక్క గుర్తుండాదా?" అంది.

"ఉండాదక్కా."

"ఎంత?"

చెప్పాను. ఆమె తలూపింది. కుప్ప కొలతతో ఇంకా నలభై ఆరు శేర్లు.